నాలుగు అక్షరాలు, రెండు భాషలు: ఒడిశా సరిహద్దులో గజిబిజి ఆట

క్లుప్తంగా: అక్షరాలు తారుమారు చేసి పదం కనుక్కోమనే ఆట ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేసరికి బాగా తేలికైపోతుంది. తెలుగు అక్షరం తీరే అందుకు కారణం. ఆ లోటు పూడ్చేది క్లూ. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళ మధ్య ఆ క్లూ రెండు భాషల్లో నడుస్తుంది. ఆటలో సరదా అక్కడే ఉంది, తగాదాలు పుట్టేదీ అక్కడే.

రాత్రి భోజనాలయ్యాక వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది: "పు, గు, రం, ణు. ఊరి పేరు." అర నిమిషం తిరక్కుండానే గుణుపురం అని జవాబు వచ్చేస్తుంది. తర్వాత "ళి, గా, వ, నా. రాయగడ పక్కనే పారుతుంది" అంటే నాగావళి అనడానికి అంతకన్నా తక్కువ సమయం చాలు. మూడోది హైదరాబాద్‌లో స్థిరపడిన స్నేహితుడు పెడతాడు: "ద, లు, తై. ధాన్యం." గంట గడుస్తుంది. "ఏటి బావా, ఇంకో క్లూ ఇయ్యి" అనే బతిమాలడాలు మొదలవుతాయి. జవాబు తైదలు. తెలంగాణలో రాగులను అలా అంటారు. పర్లాకిమిడి వైపు అవి చోళ్ళు. మూడు అక్షరాలను ఆరు రకాలుగానే పేర్చగలం. ఆరింటినీ కాగితం మీద రాసుకున్నా, ఎన్నడూ వినని పదం అందులో ఏదో తెలియదు.

గజిబిజి అనీ జంబుల్ అనీ పిలిచే ఈ ఆట కష్టమంతా అక్షరాల తారుమారులోనే ఉందని చాలామంది అనుకుంటారు. తెలుగులో అది నిజం కాదు. ఎందుకు కాదో చూడాలంటే కాస్త లెక్క వేయాలి.

లెక్క ఎక్కడ మారుతుంది

ఇంగ్లీషులో ఈ ఆటకు బాగా పేరు తెచ్చింది జంబుల్. మార్టిన్ నేడెల్ అనే అమెరికన్ దీన్ని 1954లో తయారుచేశారు. అందులో అయిదక్షరాల, ఆరక్షరాల మాటలు ఇస్తారు. వేర్వేరు అక్షరాలు అయిదుంటే 120 వరసలు, ఆరుంటే 720. ఉన్న 26 అక్షరాలే అన్ని మాటల్లోనూ తిరుగుతుంటాయి కాబట్టి, ఏ అక్షరం మొదట రావాలో ఏది చివర రావాలో చూడగానే తట్టదు.

తెలుగులో విడగొట్టేది వర్ణాన్ని కాదు, అక్షరాన్ని. హల్లు, దాని గుణింతం, వత్తు, సున్నా అన్నీ కలిసి ఒక్క ముక్కగా వస్తాయి. నాగావళి అంటే నా, గా, వ, ళి. నాలుగు ముక్కలకు 24 వరసలు. అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఎనిమిది ముక్కలవుతుంది, అందులో ఏ మూడుసార్లు వస్తుంది, వరసలు 6,720. తెలుగు టైపింగ్ చేతకాని సభ్యుడు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన పజిల్‌కు గ్రూపంతా తల పట్టుకోవడం, అదే మాటను తెలుగులో పెడితే చిటికెలో తేలిపోవడం ఇందుకే.

ఆ 24 కూడా పేరుకే. తెలుగు మాట కట్టుబాట్లు వాటిలో చాలా వరసలను ముందే కొట్టేస్తాయి. అ, ఆ, ఇ లాంటి అచ్చులు విడిగా ఉంటే అవి మాట మొదట్లోనే ఉంటాయి. ల్ల, ద్ద, మ్మ లాంటి జంట హల్లులతో ఏ మాటా మొదలు కాదు. ణతో, ళతో మొదలయ్యే మాటలు దాదాపు లేవు. ఊరి పేరనీ కూరగాయనీ తెలిస్తే చివర పురం, కాయ ఉంటాయని చెయ్యి దానంతట అదే పేర్చేస్తుంది.

ఆనపకాయను చూద్దాం. అక్షరాలు అయిదు, వరసలు 120. ఆ మొదట్లోనే రావాలి కాబట్టి 24 మిగిలాయి. కాయ చివర వస్తుంది కాబట్టి మిగిలేవి రెండు: ఆనపకాయ, ఆపనకాయ. బరంపురంలో రం రెండుసార్లు ఉంది కాబట్టి వరసలు 12, పురాన్ని చివర పెడితే మళ్ళీ రెండే. గుణుపురంలో ణు మొదట రాదు కనుక ఒక్కటే మిగులుతుంది. చద్దన్నం మరీ అన్యాయం. చ, ద్ద, న్నం అని ఎలా తిప్పి ఇచ్చినా చ తప్ప మొదట నిలబడే అక్షరమే లేదు.

తెలుగులో నిజంగా తికమక పెట్టేవి వత్తులూ దీర్ఘాలూ లేని చిన్న మాటలు. ల, క, ప ఇస్తే పలక అనవచ్చు, కలప అనవచ్చు. ప, డ, క ఇస్తే కడప అవుతుంది, పడక కూడా అవుతుంది. నవల, వలన కూడా ఇలాంటి జంటే. ఇలాంటివి క్లూ లేకుండా పెడితే ఇద్దరు గెలుస్తారు, ఇద్దరూ పాయింటు అడుగుతారు. "బడి" అన్న ఒక్క మాట చేర్చితే పలక, "అడవి" అంటే కలప. అక్షరాల సంఖ్య పెరిగితే ఆట కష్టమవుతుందన్న ఇంగ్లీషు అంచనా ఇక్కడ తలకిందులైంది. అయిదక్షరాల ఆనపకాయ కన్నా మూడక్షరాల పలకకే క్లూ అవసరం ఎక్కువ.

ఈ తేలికను భరించలేక కొందరు గుణింతాలను కూడా విడగొట్టి పెడతారు. అప్పుడు గుణుపురం గ్, ఉ, ణ్, ఉ, ప్, ఉ, ర్, అ, సున్నా అని తొమ్మిది ముక్కలవుతుంది, వరసలు 60,480కి ఎగబాకుతాయి. అయితే అలా పొల్లులతో, విడి అచ్చులతో ఎవరూ తెలుగు చదవరు. ఆడేవాళ్ళు ముందు ముక్కలను తిరిగి అక్షరాలుగా అతికించుకోవాలి, తర్వాత పేర్చుకోవాలి. ఒకటి రెండు రోజులు సరదాగానే ఉంటుంది. ఆ తర్వాత గ్రూపులో జవాబులు తగ్గిపోతాయి.

వ్యస్తాక్షరి పోలిక

అక్షరాలు చెదరగొట్టి ఇవ్వడం తెలుగువాళ్ళకు ఫోన్లతో వచ్చిన అలవాటు కాదు. అవధానాల్లో వ్యస్తాక్షరి అనే అంశం ఉంది. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, ఒక వాక్యాన్ని మనసులో పెట్టుకుని, మధ్య మధ్యలో ఒక్కో అక్షరాన్ని దాని స్థానం సంఖ్యతో సహా, వరస లేకుండా ఇస్తుంటాడు. అవధాని మిగతా ప్రశ్నలకు పద్యాలు చెబుతూనే వాటిని గుర్తుంచుకుని, చివరికి వాక్యమంతా ఒప్పజెబుతాడు.

అక్కడా విడగొట్టేది అక్షరాన్నే. కానీ స్థానం ముందే చెప్పేస్తారు కాబట్టి వెతికే పని లేదు, పరీక్ష అంతా ధారణకే. వాట్సాప్ ఆటలో ధారణతో పని లేదు, అక్షరాలు తెర మీదే కనిపిస్తుంటాయి. స్థానం మాత్రం చెప్పరు. ఇక కష్టం ఎంత ఉండాలో నిర్ణయించేది పక్కన రాసే ఆ నాలుగు మాటల క్లూ.

రెండు భాషల క్లూ

క్లూ రెండు రకాల పనులు చేస్తుంది. ఒకటి వరసలను తగ్గించడం. మొదటి అక్షరం చెప్పేస్తే నాలుగక్షరాల మాటలో 24 కాస్తా 6 అవుతుంది. తెలుగులో ఇది వృథా ఖర్చు, వరసలు ఎలాగూ రెండు మూడుకు దిగిపోతాయి కదా. రెండోది అర్థం వైపు నడిపించడం. అనుభవం ఉన్నవాళ్ళు దీన్నే వంకర తిప్పుతారు. అప్పుడు గజిబిజి ఆట కాస్తా పొడుపుకథ అవుతుంది.

సరిహద్దు జిల్లాల్లో ఆ వంకరకు కావలసిన ముడిసరుకు ఊరినిండా ఉంది. తెలుగు, ఒడియా పక్కపక్కనే వినిపించే చోట ఒకేలా పలికి వేరే అర్థమిచ్చే మాటలు రోజూ తగులుతుంటాయి. ఆనపకాయను ఒడియాలో లావు అంటారు. "ఒడియాలో ఎప్పుడూ లావే, మన సంతలో సన్నవీ దొరుకుతాయి" అని క్లూ పెడితే ఒంగోలులో ఉన్నవాళ్ళకు బుర్ర పాడవుతుంది, పర్లాకిమిడి వాళ్ళు నవ్వుకుని జవాబు టైపు చేస్తారు. ఒడియాలో అండా అంటే గుడ్డు, తెలుగులో అండ అంటే ఆసరా. కళా అంటే అక్కడ నలుపు, ఇక్కడ కళ. "పఖాళకు మన పేరు" అన్న క్లూకు చద్దన్నం జవాబు. అక్షరాలు అసలు దాచలేని ఆ మాటను కనీసం క్లూ అయినా కాస్త దాస్తుంది.

ఇంగ్లీషు జంబుల్‌లో ఇలాంటి పని చివర్లో ఉండే బొమ్మ చేస్తుంది. సరిచేసిన మాటల్లోంచి కొన్ని అక్షరాలు తీసి, బొమ్మలోని చమత్కారానికి సరిపోయే జవాబు కట్టాలి. అది ఒకే భాషలోని శ్లేష, చదువరులందరికీ సమానం. రెండు భాషల శ్లేషలో ఆ సమానత్వం లేదు. గ్రూపులో బరంపురం వాళ్ళు, జయపురం వాళ్ళు, సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళినవాళ్ళు, విశాఖలో చదువుకుంటున్నవాళ్ళు కలిసి ఉంటారు. క్లూ ఏ భాష వైపు మొగ్గితే ఆ వైపు వాళ్ళు ముందుంటారు. కాబట్టి క్లూ పెట్టేవాడు ఆ పూట ఎవరు గెలవాలో సగం తేల్చేసినట్టే. అడ్మిన్ తన బంధువులకు అందే క్లూలే పెడుతున్నాడన్న గొణుగుడు ఇలా మొదలవుతుంది. అడ్మిన్‌కు ఆ ఉద్దేశం లేకపోవచ్చు కూడా. మనిషి తన ఇంట్లో వినే మాటల్లోంచే క్లూ తీస్తాడు.

లిపి మారితే

గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం మాత్రం అందరికీ ఒకేలా రాదు. దీని వెనుక పెద్ద కథే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం, విశాఖ ఏజెన్సీలోని జయపురం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళాయి. పర్లాకిమిడి కూడా ఆ గీతకు అవతలే పడింది. గజపతి, రాయగడ 1992లో విడి జిల్లాలయ్యాయి. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతుంది. అది 1956లో ఏడో సవరణతో చేరింది. ఆ దశ దాటాక చాలామంది పిల్లల చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. అందుకే ఒకే ఇంట్లో తాతగారు తెలుగు పేపరు చదువుతారు, మనవడు తెలుగు మెసేజ్‌ను ఎవరైనా చదివి వినిపిస్తే అర్థం చేసుకుంటాడు.

అలాంటి సభ్యుల కోసం తెలుగు మాటను ఒడియా అక్షరాల్లో పెట్టడం మొదలుపెడితే కొత్త చిక్కులు వస్తాయి. ఒడియా వర్ణమాలలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం, ఒ, ఓలకూ అంతే. మెడ అన్నా మేడ అన్నా రాత ఒకటే. వ బదులు మామూలుగా బ రాస్తారు, మన వంశధార అక్కడ బంశధార. తెలుగులో ఒకే జవాబు ఉన్న పజిల్‌కు లిపి మారేసరికి రెండు జవాబులు పుడతాయి. "ఇల్లా, ఒళ్ళా?" అని అడిగితే తప్ప మేడ, మెడ తేలవు.

వాయిస్ మెసేజ్ ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. అక్షరాలను పలికి పంపితే హ్రస్వం, దీర్ఘం చెవికి తెలిసిపోతాయి. కాకపోతే చూసి పేర్చే ఆట విని పేర్చే ఆట అవుతుంది. అక్షరాలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి వ్యస్తాక్షరికి కాస్త దగ్గరగా జరుగుతుంది.

"అది పదమేనా?"

ఇలాంటి గ్రూపుల్లో పెద్ద గొడవలు జవాబు మీద కాదు, జవాబుకు ఉన్న హోదా మీద. డ్డ, గె అని పెట్టి "వానాకాలం జాగ్రత్త" అన్నారనుకుందాం. గెడ్డ అంటే వాగు. ఉత్తరాంధ్రలో, దాన్ని ఆనుకున్న ఒడిశా ఊళ్ళల్లో అందరూ అనే మాటే. విజయనగరం వైపు పెద్దగెడ్డ, ఒట్టిగెడ్డ అని ప్రాజెక్టులకే పేర్లున్నాయి. అయినా గుంటూరులో చదువుకున్న సభ్యుడు "గడ్డ అయి ఉండాలి, తప్పు రాశారు" అంటాడు. బేగి (త్వరగా), ఒగ్గేయ్ (వదిలెయ్) పెడితే "అవి మాటలే, పదాలు కావు" అనే వాదన వస్తుంది. మాటకూ పదానికీ తేడా ఏమిటో చెప్పమంటే మళ్ళీ నిశ్శబ్దం.

ఈ వాదన ఇంకెక్కడ జరిగినా పరవాలేదు గానీ పర్లాకిమిడిలో జరగడమే విడ్డూరం. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి ఆ ఊళ్ళోనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు, సవర భాషను నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. జనం మాట్లాడే తెలుగుకు రాతలో చోటుండాలని వాదించిందీ ఆయనే. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు గ్రూపులో ఆయన ఫొటో పెట్టి, మర్నాడు గెడ్డను కొట్టేసే అడ్మిన్లు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తీర్పుకు నిఘంటువును పెద్దమనిషిగా పెట్టుకోవచ్చు. స్క్రాబుల్ లాంటి ఆటల్లో అదే పద్ధతి, ఒప్పుకున్న పదాల పట్టీలో లేని మాట చెల్లదు. తెలుగులో అలా చేస్తే మాండలిక మాటలు చాలావరకు రాలిపోతాయి. ఇంతకన్నా పనికొచ్చే నియమం ఒకటుంది: గ్రూపులో వేర్వేరు ఊళ్ళకు చెందిన ఇద్దరు "మా ఇంట్లో అంటాం" అంటే ఆ మాట చెల్లుతుంది. చోళ్ళు, గెడ్డ, బేగి నిలబడతాయి. అప్పటికప్పుడు కల్పించిన మాటలు నిలబడవు.

అక్షరాలు లెక్కపెట్టడంలోనూ తేడాలు వస్తాయి. బరంపురానికి నాలుగక్షరాలు, అందులో సందేహం లేదు. అదే ఊరిని బ్రహ్మపూర్ అని రాస్తే? ఛందస్సు ప్రకారం చివరి పొల్లు ముందు అక్షరంతో కలిసిపోతుంది, కాబట్టి మూడు. పజిల్ పెట్టేవాళ్ళు ర్‌ను విడిగా రాస్తారు, కాబట్టి నాలుగు. ఇంగ్లీషు మాటలూ ఒడిశా ఊళ్ళ పేర్లూ పొల్లుతో ముగిసినప్పుడల్లా ఈ పంచాయితీ తప్పదు. ముందే ఒక మాట అనుకుంటే సరిపోయేదానికి ఏటా పది పంచాయితీలు జరుగుతాయి.

ఫోన్ పెట్టే మెలికలు

అక్షరాలను చేత్తో తారుమారు చేయడం విసుగు అనిపించినవాళ్ళు ఇంగ్లీషు కోసం రాసిన సాఫ్ట్‌వేర్లను వాడి చూస్తారు. చాలాసార్లు అక్కడ తెలుగు ముక్కచెక్కలవుతుంది. కంప్యూటర్లు అన్ని లిపులనూ దాచుకోవడానికి వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగు 1991 నాటి మొదటి కూర్పు నుంచే ఉంది, కానీ కంప్యూటర్ దాచుకునేది అక్షరాన్ని కాదు, హల్లును, గుణింతపు గుర్తును, పొల్లును వేరువేరుగా. నాగావళి మనకు నాలుగు, దానికి ఏడు. ఇచ్ఛాపురం మనకు నాలుగు, దానికి తొమ్మిది. ఆ తొమ్మిదింటినీ కలిపేస్తే కొమ్ములు, సున్నాలు చుక్కల వలయాల మీద వేలాడుతూ కనిపిస్తాయి. వత్తు అక్షరాన్ని చీల్చకుండా ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్ అక్షర విభజన సూత్రాల్లోకి 2023లో, 15.1 కూర్పుతో వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్లు చాలావాటికి అది తెలియదు. చేత్తో చేసుకోవడమే ఇప్పటికీ నమ్మకమైన పద్ధతి.

ఎవరు ముందు చెప్పారన్నది ఇంకో తగాదా. వాట్సాప్‌లో సమయం నిమిషాల్లోనే కనిపిస్తుంది, సెకన్లు ఉండవు. పైగా సిగ్నల్ సరిగ్గా లేని కొండ ఊళ్ళో జవాబు పంపితే, పంపినవాళ్ళ ఫోన్‌లో అది వెంటనే కనిపిస్తుంది, మిగతావాళ్ళకు నెట్‌వర్క్ దొరికాకే చేరుతుంది. "నాదే ముందు" అని ఇద్దరు పెట్టిన స్క్రీన్‌షాట్లూ నిజమే కావచ్చు, రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఉండవచ్చు. దీనికి తోడు 2023 మే నుంచి పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల్లోపు మార్చుకునే వీలు వచ్చింది. మార్చినట్టు చిన్న గుర్తు పడుతుంది గానీ, ముందు ఏం రాశారో కనిపించదు. తప్పు జవాబును ఒప్పుగా దిద్దేసి పాయింటు అడిగేవాళ్ళను ఆ గుర్తు చూసే పట్టుకోవాలి. మార్చిన జవాబు చెల్లదని ముందే అనుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

కీబోర్డు కూడా నోరు జారుతుంది. నా, గా అని రెండక్షరాలు కొట్టేసరికి పైన నాగావళి అని చూపిస్తే ఇక పేర్చడానికి ఏం మిగిలింది? ఊరి పేర్లు, నదుల పేర్లు, మామూలు నామవాచకాలు ఇలా బయటపడిపోతాయి. మాండలిక మాటలను కీబోర్డు తరచూ ఇంకేదో మాటగా దిద్దబోతుంది. కాబట్టి గెడ్డ లాంటి మాట పెడితే పెద్దవాళ్ళకూ కుర్రాళ్ళకూ పోటీ సమానంగా ఉంటుంది. మాండలికం వద్దనేవాళ్ళు ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

పిల్లలకు వచ్చేదెంత

ఈ ఆట వల్ల ఒడియా బడిలో చదివే పిల్లలకు తెలుగు వచ్చేస్తుందని కొందరు ఆశపడతారు. ఆట తీరును బట్టి చూస్తే రావలసింది కొంతే వస్తుంది. విడివిడి అక్షరాలను గుర్తుపట్టడం, గుణింతాన్ని హల్లుతో కలిపి ఒక ముక్కగా చూడడం బాగా అలవాటవుతాయి, ఎందుకంటే ఆట పదే పదే చేయించేది అదే. వాక్యం చదవడం, రాయడం దీనిలో లేవు. జవాబు ఒక్క మాటే కదా. పైగా కీబోర్డు మాట పూర్తి చేసి పెడుతుంటే, వత్తు ఎక్కడ పడుతుందో వేలికి తెలియదు.

పదాల విషయంలో లాభం ఎక్కువ, అదీ రెండు వైపులా. హైదరాబాద్ సభ్యుడికి చోళ్ళు తెలుస్తుంది, గుణుపురం కుర్రాడికి తైదలు తెలుస్తుంది. ఎ, ఏల తేడా మాత్రం తెర మీద చూస్తే పట్టుబడడం లేదు. మెడ పెట్టిన రోజు మేడ అని జవాబిచ్చిన పిల్లవాడికి, వాళ్ళ నాయనమ్మ వాయిస్ మెసేజ్‌లో రెండూ పలికి వినిపించాల్సి వస్తుంది.